అంబలి తాగిన దొరసాని

ఆమెను నేను మొదటిసారి దగ్గర నుంచి చూసింది ఆమె చచ్చిపోతుండగా. పెదబయలు నుంచి లోపలికి వెళ్లే దారిలో, మా ఊరి అంచున సినిమావాళ్లు ఒక పూరిల్లు వేసి, నులక మంచం మీద ఆమెను పడుకోబెట్టారు. ఎప్పుడో మా కొండల్లో మందులిచ్చి, ఇక్కడే కన్నుమూసిన ఇంగ్లీషు నర్సు కథ అది. నర్సు వేషం వేసింది ఇంగ్లండులో పేరున్న నటి, డెబ్బై దాటిన మనిషి. చుట్టూ కూర్చుని ఏడవాల్సినవాళ్లు మా ఊరి ఆడవాళ్లు. వాళ్లకీ తెల్ల డైరెక్టరుకీ మధ్య మాట అందించడం నా పని. ఆశ్రమ పాఠశాలలో మొదలుపెట్టి విశాఖపట్నం దాకా వెళ్లి ఇంగ్లీషు చదువుకున్నది ఊళ్లో నేనొక్కదాన్నే. ఆ గీర కూడా నాకు బాగానే ఉండేది.

మా ఊళ్లో ఎవరు పోయినా ఏడుపు ఎత్తుకునేది మా పెద్దమ్మ. మా దగ్గర ఊరికే కన్నీళ్లు కారిస్తే అది ఏడుపు కిందికి రాదు. పోయిన మనిషి ఎక్కడ పుట్టిందో, ఏం చేసిందో, ఎవరిని పెంచిందో, ఎవరి మీద అలిగిందో అన్నీ వరసగా చెప్పుకుంటూ ఏడవాలి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ రోజు పెద్దమ్మ మంచం దగ్గరికొచ్చి, దుప్పటి కింద ఊపిరి ఆడటం చూసి వెనక్కి తగ్గింది.

"బతికున్న మనిసి మీద ఏడిత్తే సగం పేనం ఎల్లిపోద్ది" అంది.

డైరెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. నేను బతిమాలాను. పెద్దమ్మ ఒక షరతు పెట్టింది. పొద్దుగూకేలోగా ఏడ్చినవాళ్లే తమ చేత్తో ఆమెకు చోడి అంబలి, అంటే రాగిపిండితో కాచింది, తాగించాలి. తాగితే ఏడ్చిన ఏడుపును వెనక్కి తీసుకున్నట్టు. సరేనన్నాను. డైరెక్టరుతో మాత్రం ఒప్పుకున్నారని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. షరతు సంగతి చెబితే మమ్మల్ని అడవి మనుషులనుకుంటాడని సిగ్గు.

ఏడుపు గొప్పగా వచ్చింది. నీ అమ్మ ఏ ఊళ్లో ఉంది, నీ వాళ్లకు ఎవరు కబురు చెబుతారు అని పెద్దమ్మ అడుగుతుంటే కెమెరా దగ్గరున్నతను కూడా ముక్కు తుడుచుకున్నాడు. మంచం మీద ఆమె కనురెప్ప కదలలేదు. ఇంతలో కొండ మీద మబ్బు పట్టింది. గెడ్డ పొంగితే కార్లు దాటవని, ఆమెను నర్సు బట్టల్లోనే ఎక్కించుకుని అరకులో గెస్ట్‌హౌస్‌కి తీసుకుపోయారు. ఆడవాళ్లు అంబలి పట్టుకుని దారిలో నిలబడిపోయారు. వెనక జీపులో నేను వెళ్తున్నాను కాబట్టి పెద్దమ్మ అంబలి పోసిన ఆనపకాయ బుర్ర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేనిచ్చినా వాళ్ల చేత్తో ఇచ్చినట్టేనంది.

గెడ్డ దగ్గర జీపు ఆగినప్పుడు దిగి, ఆ అంబలి నీళ్లలో పారబోశాను. దొరసానికి పడదని, ఏమన్నా అయితే నా మీదకు వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ బుర్ర పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లడం నాకు నామోషీ. మర్నాడు పొద్దున్న ఖాళీ బుర్ర తిరిగిచ్చి, తాగిందని పెద్దమ్మతో చెప్పాను.

ఆ రోజు ఆమె షూటింగుకు రాలేదు. ఒళ్లు కాలిపోతోందన్నారు. ఇంకా రెండు సీన్లున్నాయి, లేవకపోతే ఇంకొక నటిని తెప్పించి మొత్తం మళ్లీ తీస్తారని గుసగుసలు. ఏడిస్తే సగం ప్రాణం పోతుందన్న మాట నేను నమ్మేదాన్ని కాదు. అయినా మధ్యాహ్నం జీపెక్కి అరకు వెళ్లాను.

ఆమె సెట్లో పడుకున్నట్టే వెల్లకిలా పడుకుని ఉంది. మొదటి నుంచీ అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. కుర్చీ చూపించి కూర్చోమంది. తర్వాత తన సంగతి చెప్పింది, మెల్లగా, మధ్యలో దగ్గుతూ.

ఓడలు ఆగే ఊళ్లో పుట్టిందట. తల్లి నాటకాల కంపెనీకి బట్టలు కుట్టేది. పదిహేనో ఏట మూడు మాటల వేషంతో స్టేజీ ఎక్కింది. ముప్ఫై ఏళ్లు రాణులు, విషం తాగే భార్యలు, పిచ్చెక్కిన తల్లులు అన్నీ వేసింది. సినిమాలు ఆలస్యంగా వచ్చాయి. తెర మీద కొన్నాళ్లు అమ్మగా ఉంచి, ఆ వెంటనే మంచం మీద చచ్చిపోయే ముసలమ్మను చేసేశారని, ఈ మధ్య కూర్చునే వేషమే దొరకడం లేదని అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత భర్త గురించి చెప్పింది. ఆయన ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో పోయాడు. సాయంత్రం టిక్కెట్లన్నీ అమ్ముడుపోయిన నాటకం ఉంది. వెళ్లి విషం తాగి పడిపోయి, తెర పడ్డాక లేచి దండం పెట్టింది.

"జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నేను పూర్తిగా లేచానో లేదో నాకు తెలియదు. ఇన్నిసార్లు చచ్చిపోయాను, తిరిగి రమ్మని ఎవరూ పిలవలేదు" అంది.

రెండు రోజులకు జ్వరం కాస్త తగ్గింది. డాక్టరు వద్దంటున్నా కారెక్కి మా ఊరు వచ్చింది. ఆమె కారు దిగేలోపే నేను పెద్దమ్మకు నిజం చెప్పాను. పెద్దమ్మ తిట్టలేదు.

"మా సెయ్యనుకునే నీకిచ్చాను" అంది, అంతే.

ఆమె అరుగు మీద కూర్చుంది. గడువు దాటినా పెద్దమ్మ అడ్డాకు డొప్పలో అంబలి పోసి నోటికి అందించింది. ఏడ్చిన ప్రతి ఆడమనిషీ ఒక్కో గుక్క తాగించింది. ఆమె ముఖం చిట్లించుకోకుండా మొత్తం తాగింది. తర్వాత ఆమే పెద్దమ్మ మోకాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను మాట అందించాల్సిన పనేమీ లేకపోయింది. మిగిలిన రెండు సీన్లూ చేసి, ఆమె తన దేశం వెళ్లిపోయింది.

పెద్దమ్మ నాతో మాట్లాడటం మానలేదు. కానీ అప్పటి నుంచి అంబలి చేతికివ్వడం మానేసింది. బుర్ర నా ముందు నేల మీద పెట్టేది, నేనే పోసుకునేదాన్ని. ఊళ్లో ఇంకెవరూ అది గమనించి ఉండరు. నాకు మాత్రం ప్రతిసారీ ఏడుపొచ్చేది.

రెండేళ్లు గడిచాయి. కాఫీ పళ్లు ఆరబెడుతూ ఫోను చూస్తే ఆమె ఫొటో కనబడింది. పోయిందని రాశారు. కింద ఆమె వేసిన వేషాల జాబితా ఉంది, మా ఊళ్లో తీసింది చిట్టచివర ఉంది. వెళ్లి పెద్దమ్మకు చెప్పాను.

"మన ఏడుపు మనం ఎనక్కి తీసీసుకున్నాం గదా. మల్లీ ఏడవాల" అంది.

ఆడవాళ్లను పిలిచింది. ఆమె కూర్చున్న అరుగు చుట్టూ చేరాం. అందరూ పెద్దమ్మ వైపు చూస్తుంటే, పెద్దమ్మ నా వైపు చూసింది.

"నువ్వెత్తు అమ్మీ. ఆ యమ్మ బతుకు నీకే ఎరిక" అంది.

నేనెప్పుడూ ఏడుపు ఎత్తుకోలేదు. అదీ మోటు పనేననుకున్న రోజులున్నాయి. ఓడల ఊళ్లో పుట్టావమ్మా అని ఎత్తుకున్నాను. వాళ్లు అందుకున్నారు. మీ అమ్మ కుట్టిన బట్టల మధ్య పెరిగావు, మూడు మాటలతో మొదలుపెట్టావు, రాణివై పోయావు, పిచ్చిదానివై పోయావు, మొగుడు పోయిన రోజునా పడిపోయి లేచావు, మా అంబలి తాగి లేచావు, ఈసారి ఎందుకు లేవలేదమ్మా అని అడిగాను. నేను గెడ్డలో పారబోసిందంతా ఆ పూట కళ్లలోంచి వచ్చింది.

అయ్యాక అందరం గెడ్డలో మునిగి వచ్చాం. పెద్దమ్మ డొప్పలో అంబలి పోసి, దాన్ని నేల మీద పెట్టకుండా నా నోటి దగ్గర పట్టుకుంది. తాగాను.