గుమాస్తా గారి దుంపల మడి

గుమాస్తా గారు ముప్పై మూడేళ్ళు నీటి సరఫరా ఆఫీసులో ఇన్వర్డు, అవుట్వర్డు రిజిస్టర్లు రాసి రిటైరయ్యారు. వచ్చిన ఉత్తరానికి నంబరు వెయ్యడం, పోయిన ఉత్తరం నంబరు కొట్టెయ్యడం ఆయన పని. ఉత్తరంలో ఏముందో చదవడం ఆయన పని కాదు కనుక ఏనాడూ చదవలేదు. కొళాయిల్లో నీళ్ళు రావడం లేదని జనం ఇన్నేళ్ళూ మొత్తుకున్నారన్న సంగతి, రిటైరయ్యాక సొంత కొళాయి ఎండిపోయినప్పుడు ఆయనకు తెలిసింది. వీడ్కోలు సభలో పై అధికారి "ఈయన బల్ల మీద ఒక్క కాగితం కూడా పెండింగు ఉండేది కాదు" అని మెచ్చుకున్నాడు. నిజమే. అవన్నీ పక్క బల్లల మీద ఉండేవి.

రిటైరైన మర్నాడే ఆయనకు ఇంకో సంగతి కూడా తెలిసింది. సొంత ఇంట్లో ఆయనకు చోటు లేదు. ఆయన భార్య టైలరు. వీధంతా ఆవిడని టైలరమ్మ అనే పిలుస్తుంది. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో మెషిను, గుడ్డ కత్తిరించే బల్ల, నిలువుటద్దం, వేసి చూసుకోవడానికి ఒక మూల తెర. ఆడవాళ్ళు కొలతలిచ్చే గదిలో మగమనిషి పేపరు చదువుతూ కూర్చుంటే బాగుండదు. మధ్య గదిలో మంచం ఉంది గానీ, పగలంతా దాని మీద కుట్టవలసిన గుడ్డలు పడుకునేవి. ఇక వంటింట్లోకి అడుగు పెడితే, "ఏవండీ, కాస్త అటు జరగండి" అనేది ఆవిడ. ఆయన జరిగేవారు. మళ్ళీ జరగమనేది. అలా జరిగి జరిగి పదకొండు గంటలకల్లా పెరట్లో తేలేవారు.

పెరట్లో ఒక కొళాయి, బట్టలారేసే తీగ, నాలుగు మంచాలు పట్టేంత మట్టి ఉన్నాయి. ఊరికే నిలబడితే పక్కింటివాళ్ళు ఏమైనా అనుకుంటారని గుమాస్తా గారు గునపం పట్టుకుని నిలబడ్డారు. పట్టుకున్నాక తవ్వక తప్పలేదు. అలా తోటపని మొదలైంది. టమాటాలు వేశారు, మాడిపోయాయి. చిక్కుడు పాదు పెట్టారు, పందిరి మాత్రం బాగా నిలిచింది. మెంతులు మొలిచి, ఆయన్ని ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి పోయాయి. ఏడాది తిరిగేసరికి ఆ మడిలో ఆయన పెట్టినవన్నీ పోయాయి, పెట్టని గడ్డి మాత్రం మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉంది.

ఈలోగా టైలరమ్మకి పని పెరిగింది. రెండో మెషిను కావాలి, దాని దగ్గర కూర్చోవడానికి ఇంకో మనిషి కావాలి, రెండిటికీ చోటు కావాలి. ఒక రోజు నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టి మరీ మాట్లాడింది.

"చూడండి, పెరట్లో ఓ రేకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నా."

"మరి మడి?"

"ఆ మడిలో ఏముందని?"

గుమాస్తా గారు పెరట్లోని ఖాళీ పందిరి వైపు చూశారు. ఆయన ముఖం చూసి ఆవిడకే ఏమనిపించిందో, "సరే, ఈ ఒక్క ఏడు చూస్తా. వండుకు తినేంత ఏదైనా పండిందా, పెరడు మీది. పండలేదా, మేస్త్రీని పిలుస్తా" అంది.

మడి పోతే ఇక మిగిలేది బస్టాపు. వీధి చివర బస్టాపులో రిటైరైనవాళ్ళు ఐదుగురు రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. వాళ్ళు ఏ బస్సూ ఎక్కరు. వచ్చిన ప్రతి బస్సులో డ్రైవరు వాళ్ళని చూసి ఆపకుండా పోతాడు. ఆ బెంచీ మీద ఆరో మనిషిగా సర్దుకుని కూర్చోవడం తలుచుకుంటేనే గుమాస్తా గారికి ఏడుపొచ్చేది.

విత్తనాల కొట్టుకి వెళ్ళి, సిగ్గు విడిచి అడిగారు. "ఏం వేసినా చస్తోందండీ. చావనిదేమైనా ఉందా?"

కొట్టతను కాస్త ఆలోచించాడు. "ఉంది గానీ, వద్దులెండి."

"ఎందుకు వద్దు?"

"చావదండీ మరి."

ఇంతకన్నా గొప్ప సిఫార్సు ఏముంటుంది? అల్లం కొమ్ముల్లా కణుపులు కణుపులుగా ఉన్న ఇరవై నాలుగు దుంపలు సంచీలో పోసిచ్చాడు. సంచీ మీద జెరూసలేం ఆర్టిచోక్ అని ఉంది. అంత పేరు పిలిచే ఓపిక లేక కొట్టతను సూర్యకాంతి దుంప అంటాడట. ఆకులెండిపోయాక తవ్వుకోమన్నాడు. తవ్వేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి తవ్వద్దనీ, తోలు పల్చన కాబట్టి పైన పెడితే వారంలో వడిలిపోతాయనీ, మట్టిలోనే ఉంచి ఏ పూటకి కావలసినవి ఆ పూట తీసుకోమనీ రెండుసార్లు చెప్పాడు. గుమాస్తా గారు తలూపారు. ఆఫీసులో కూడా ఇలాగే ఊపేవారు.

ఇంటికొచ్చి పాత రిజిస్టరొకటి తీశారు. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు వేశారు. ప్రతి దుంపకీ నాటిన తేదీ, వరస, లోతు రాశారు. జానెడు లోతున, మూరెడు ఎడంగా నాటి నీళ్ళు పోశారు. ఆ తర్వాత ఆయన చెయ్యవలసిందేమీ లేకపోయింది. ఆయన ఏమీ చెయ్యలేదు కాబట్టే కాబోలు, అవి బ్రహ్మాండంగా పెరిగాయి. మూడు నెలలకి ఆయన కన్నా ఎత్తయ్యాయి. తర్వాత గోడ దాటాయి. ఆపైన పసుపురంగు పూలు పూశాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. గుమాస్తా గారు వాటి కింద చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకొచ్చిన పై అధికారిలా నిలబడేవారు.

చలి ముదిరి ఆకులెండాయి. తవ్వకం రోజొచ్చింది. కొట్టతను ఒకేసారి తవ్వద్దన్నాడు గానీ, పెండింగు అనే మాట ఆయన ఒంటికి పడదు. ఒక్క రోజులో ఇరవై నాలుగు మొక్కలూ పెకలించి, చేతికందిన దుంపలన్నీ గోనెల్లో పోసి, రిజిస్టరులో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఎర్రసిరాతో కొట్టేశారు. ఇరవై నాలుగు వచ్చాయి, ఇరవై నాలుగు పోయాయి. చేతులు దులుపుకుని లోపలికొచ్చి, "మూడు గోనెలు" అన్నారు.

టైలరమ్మ నిజంగానే సంతోషించింది. వేపుడు చేసింది, కూర చేసింది, ఉడకబెట్టి ఉప్పూ మిరియాలూ చల్లింది. దుంప కమ్మగా, కాస్త తియ్యగా ఉంది. దాని మోసమంతా అక్కడే ఉంది. రెండు గంటలయ్యాక కడుపు ఉబ్బుతుంది. ఆ తర్వాత జరిగేది నలుగురిలో చెప్పుకునేది కాదు. మూడు గోనెలు వడిలిపోయేలోగా తినెయ్యాలి కనుక మూడు పూటలా అవే. పెద్దమనుషులు కనుక భార్యాభర్తలిద్దరూ వారం రోజులు ఒకరినొకరు బెరుగ్గా చూసుకున్నారే తప్ప ఎవరూ నోరు విప్పలేదు. ఎవరికి వారు తప్పు తమదే అనుకున్నారు.

ఆ వారంలోనే బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. చెల్లెలి పెళ్ళికి ఒంటికి అతికినట్టుండే పొడుగు గౌను కుట్టించుకుంటోంది. పొద్దున వేసి చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కింద అంచు మడిచి కుట్టేదాకా ఉంటానంటే, భోజనం వేళయిందని టైలరమ్మ ఇంత అన్నమూ వేపుడూ పెట్టింది. ఆవిడ రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. అంచు కుట్టడం అయ్యాక మళ్ళీ వేసుకుంటే జిప్పు నడుం దగ్గర ఆగిపోయింది.

"పొద్దున పట్టింది కదా అక్కా!" అంది ఆవిడ, అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంటూ.

ఇరవై ఏళ్ళలో టేపుని ఏనాడూ అనుమానించని టైలరమ్మ ఆ రోజు అనుమానించింది. పక్క కుట్లు విప్పి రెండంగుళాలు వదిలింది. మర్నాటికి మేనేజరమ్మ కడుపు దాని చోటికి అది వెళ్ళిపోయింది. పెళ్ళిలో గౌను దిండు గలీబులా వేలాడింది, ఫోటోల్లో కూడా పడింది. బ్యాంకుకి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ టైలరమ్మ చేతిలో పనితనం పోయిందని చెప్పింది. ముగ్గురు వచ్చి తమ గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు.

తప్పు టేపుది కాదు, ఆ పూట పెట్టిన దుంప వేపుడుదని తెలిసి టైలరమ్మ ఒంటికాలి మీద లేచింది. "షెడ్డు వేయిస్తున్నా."

"వండుకు తినేంత పండాలన్నావు. పండిందా లేదా?"

"పండింది. తిన్నాం. అందుకే వేయిస్తున్నా."

మిగిలిన గోనె చెత్తబండి ఎక్కింది. చలి తగ్గగానే మేస్త్రీ కొలతలకి వచ్చాడు. పెరట్లోకి వెళ్ళి, దారం చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"అమ్మా, ఇవేంటి?"

"ఖాళీ మడే కదా" అన్నారు గుమాస్తా గారు. "ఇరవై నాలుగూ తీసేశాను."

మేస్త్రీ గొంతుక్కూర్చుని మొలకలు లెక్కపెట్టాడు. అరవై దాకా వచ్చి మానేశాడు. "మీరు తీసింది మొక్కల్ని అయ్యగారూ. అవి పెట్టిన పిల్లలు సగం లోపలే ఉన్నాయి. గోరంత ముక్క ఉన్నా లేస్తుంది ఇది. మా అత్తగారింట్లో ఇటుకల సందుల్లోంచి వచ్చింది. దీని మీద గచ్చు వేస్తే నన్ను తిట్టుకుంటారు."

"అయితే ఏం చెయ్యాలి?" అంది టైలరమ్మ.

"మొలిచినవి మొలిచినట్టు దుంపతో సహా తియ్యాలమ్మా. ఎంత లేదన్నా ఏడాది పడుతుంది. కూలీలతో అయ్యేది కాదు. వేరే పనేమీ లేని మనిషి ఉండాలి."

ఇద్దరూ ఒకేసారి గుమాస్తా గారి వైపు చూశారు.

అలా ఆయనకి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. పొద్దున ఏడింటికి గునపంతో హాజరు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం దాకా మళ్ళీ తవ్వకం. ముప్పై మూడేళ్ళలో ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశారు. ఇబ్బంది ఒక్కటే. పని పూర్తయితే మడి పోతుంది, మడి పోతే బస్టాపు. కనుక పది దుంపలు తీసినప్పుడల్లా ఒకటి జారవిడిచి, బొటనవేలితో మట్టిలోకి తొక్కేవారు. ఏ పనీ పెండింగు పెట్టని మనిషి జీవితంలో మొదటిసారి పెండింగు రుచి చూశారు. దుంప కన్నా కమ్మగా ఉంది.

"ఇంకా వస్తున్నాయే" అని వారానికోసారి లోపలికొచ్చి దిగులుగా చెప్పేవారు.

"దీని దుంప తెగ!" అనేది టైలరమ్మ. తెగిన ప్రతి దుంపా రెండవుతుందని ఆయనకి అప్పటికే తెలుసు. పైకి మాత్రం నిట్టూర్చేవారు.

ఏడాది ఇలా సుఖంగా గడిచింది. ఒక మధ్యాహ్నం వాన మొదలైతే ఆయన తల తుడుచుకునే తువ్వాలు కోసం మధ్య గదిలోకి వెళ్ళారు. మంచం మీద ఎప్పటిలాగే గుడ్డలు ఎత్తుగా పేరుకుని ఉన్నాయి. మంచానికీ బీరువాకీ మధ్య నేల మీద, ఒక మనిషి పక్కకి తిరిగితేనే పట్టే సందులో, టైలరమ్మ నిద్రపోతోంది. మెడలో టేపు అలాగే ఉంది. చాపడానికి చోటు లేక కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంది. వాచిన వేళ్ళ మీద సూది గుచ్చుకున్న మచ్చలు కనిపించాయి.

గుమాస్తా గారు తువ్వాలు తీసుకోవడం మర్చిపోయారు. ఇల్లంతా ఆవిడదే అనుకుని ఇన్నాళ్ళూ పెరట్లో నిలబడి లోలోపల కుళ్ళుకున్నారు. ఆవిడకి కాళ్ళు చాపుకునే చోటు కూడా లేదు. ఆ సంగతి ఆయనకి తెలియకపోలేదు, రోజూ కనిపిస్తూనే ఉంది. కానీ ఏది చదవడం తన పని కాదనుకున్నారో అది చదవకుండా ఉండటం ఆయనకి బాగా అలవాటు. ఆయనకి చాలా సిగ్గేసింది. వానలో మళ్ళీ బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు మేస్త్రీ ఇంటికెళ్ళి ఇసుక జల్లెడ అడిగి తెచ్చుకున్నారు. మడిని మోకాలి లోతు తవ్వారు. తవ్విన మట్టినంతా పారకి పారగా జల్లించారు. పదకొండు రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. వేరుశనగ గింజంత ముక్కను కూడా వదల్లేదు. ఏరినవన్నీ బండ మీద ఎండలో పోసి, గలగలమనేదాకా ఎండబెట్టారు. ఈసారి ఏదీ రిజిస్టరులో రాయలేదు. నెల గడిచింది, నెలన్నర గడిచింది. మడిలో ఒక్క మొలక లేవలేదు. చావని దాన్ని కూడా చంపగలిగిన చెయ్యి తనదేనని ఆయనకి రుజువైంది.

"అయిపోయింది. మేస్త్రీని పిలువు" అన్నారు.

టైలరమ్మ మెషిను ఆపి ఆయన వైపు చూసింది. "మీరు బొటనవేలితో తొక్కినవి కూడా తీశారా?"

గుమాస్తా గారు బొటనవేలు వెనక్కి లాక్కున్నారు.

"వంటింటి కిటికీలోంచి కనిపిస్తుందండీ. ఏడాదిగా చూస్తూనే ఉన్నా."

"మరి ఏమీ అనలేదేం?"

"అంటే ఎక్కడికెళ్తారు?" అని ఆవిడ మళ్ళీ మెషిను తొక్కడం మొదలుపెట్టింది.

మేస్త్రీ వచ్చి దారం లాగాడు. గుమాస్తా గారు రెండో కొస పట్టుకుని నిలబడ్డారు. ఇంత పొడవు మడి పోతోందే అనుకున్నారు గానీ దారం మాత్రం వదల్లేదు.

"రెండు మెషిన్లకి పదడుగులు చాలమ్మా" అన్నాడు మేస్త్రీ.

"పన్నెండు వెయ్యి."

"ఆ రెండడుగులూ దండగ కదమ్మా, అక్కడేం పెడతారు?"

"ఏమీ పెట్టం" అంది టైలరమ్మ. "ఊరికే కూర్చునే మనిషి ఒకరున్నారు."