గోడ అవతలి రొట్టె చప్పుడు

మా పక్కింటి అన్న పోయాడు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను కామారెడ్డిలో దుకాణానికి స్టీలు గిన్నెలు ఎంచుకుంటున్నాను. చేసింది మా ఆవిడ. "బావ పోయిండయ్యా. పొద్దుగాల మంచిగనే ఛాయ్ తాగిండట" అంది, ఆ తర్వాత ఏడుపే. చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను గానీ, మధ్యలో ఒక ఆలోచన కూడా వచ్చింది. నేను పోతే ఈమె ఇంతలా ఏడుస్తుందా?

నవ్వకండి. ఆయనంటే నాకు ఎంత ప్రేమో అంత కుళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఎల్లారెడ్డిలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. వదిన బీడీలు చేసేది. ఏళ్ల తరబడి చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి, జొన్నరొట్టె అరచేత్తో కొట్టాలంటే నొప్పి. రొట్టె లేనిదే ఆమెకు ముద్ద దిగదు. ఒకరోజు అన్న నా దుకాణానికి వచ్చి, "తమ్మీ, మంచి ఇనుప పెనం ఒకటియ్యి. ఇయ్యాల్టిసంది రొట్టె నేనే కొడ్త" అన్నాడు. నవ్వుకుంటూ ఇచ్చాను. పెనం అమ్మి తలనొప్పి ఇంటికి తెచ్చుకున్నానని అప్పుడు తెలియలేదు.

ఆ సాయంత్రం నుంచి గోడ అవతల చప్పుడు మొదలైంది. దప్... దప్... దప్పు. జొన్నపిండి మరిగే నీళ్లతో కలిపితేనే రొట్టె విరగకుండా సాగుతుంది. ముందుగదిలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వదిన, చూడకుండానే తప్పు పట్టేది.

"నీళ్లు సల్లగైనట్టున్నయ్. సప్పుడు సరిగ వస్తలేదు!"

"సప్పుడు తింటవా, రొట్టె తింటవా?"

"ఏదో ఒకటి పెట్టు ముందుగాల, ఆకలికి పానం పోతున్నది!"

ఇక ఇద్దరూ ఒకటే నవ్వు. రొట్టె వంకర పోతే, "గుండ్రంగ రాకుంటే ఏందే, నీ నోరేమన్న గుండ్రంగున్నదా?" అనేవాడు. ఇవతల నేనూ మా ఆవిడా అన్నం ముందు కూర్చుని వినేవాళ్లం. మా ఆవిడ నవ్వేది, ముద్ద నోట్లో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ. ఆమెకు ఎదురుగా కూర్చున్నది మాత్రం నేను.

అన్నకు ఎప్పుడూ తనలో ఏదో ఒకటి బాగుచేసుకోవాలని ఉండేది. మోటార్లు విప్పి విప్పి వచ్చిన అలవాటేమో. కొన్నాళ్లు పొద్దున్నే నడక పట్టాడు. నిజాంసాగర్ రోడ్డు మీద చేతులు ఊపుకుంటూ పోయి, హోటల్లో మిర్చీలు తిని వచ్చేవాడు. "నడిసి నడిసి బరువు పెరిగినోడు ఈ జిల్లాల మా ఆయనొక్కడే" అని వదిన వీధి మొత్తానికి చెప్పేది. ఆయన దాచుకునే రకం కాదు. "మీసానికి నూనె అంటింది తమ్మీ, గట్ల దొరికిన" అని తనే నవ్వేవాడు.

ఇంకోసారి కోపం మానేశాడు. పొద్దున నా దుకాణం ముందు నిలబడి మరీ ఆ మాట చెప్పి పోయాడు. మధ్యాహ్నానికి ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"ఏమైందన్నా?"

"మీ వదిన పొద్దటిసంది 'ఇంక కోపం రాలేదా, ఇంక రాలేదా' అని అడుగుతనే ఉన్నది. వచ్చింది."

వదిన మాట్లాడేటప్పుడు ధ్యాస పోకుండా తన ఫోను బియ్యం డబ్బాలో పెట్టడం కూడా ఆయనే మొదలుపెట్టాడు. ఆ ముచ్చట మా ఆవిడ చెవిన పడింది. ఇక చూడండి. "బావను చూసి నేర్సుకోరాదు?" చీర మడతపెట్టాలన్నా బావే, ఛాయ్ పెట్టాలన్నా బావే.

మా ఇంట్లో మాటలంటే గ్యాసు అయిపోయింది, కరెంటు బిల్లు వచ్చింది, పాలు విరిగాయి. అంతే. పోట్లాటా లేదు, నవ్వూ లేదు. నేనూ ఊరుకోలేదు. ఫోనులో వచ్చిన జోకులు బట్టీ పట్టి అన్నం దగ్గర చెప్పాను. మా ఆవిడ నా నుదురు ముట్టుకుని చూసి, "జరమొచ్చిందా ఏంది?" అంది.

ఉండబట్టలేక అన్ననే అడిగాను. "మీ ఇంట్ల గంత నవ్వు యాడికెళ్లి వస్తదన్నా?"

తీగ చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "నవ్వియ్యాలని పోకు తమ్మీ. నీకు రాని పని ఒకటి ఆమె ముంగట చెయ్యి. నవ్వు దానంతట అదే వస్తది."

నేను చెయ్యలేదు. పొద్దంతా దుకాణానికి వచ్చే గిరాకీ ముందు అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాణ్ని, ఇంటికి పోయి నాకు రాదని ఎట్లా నిలబడతాను?

అన్న పోయాక వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. వాడకట్టు వాళ్లం వంతులేసుకుని అన్నం పంపాం. చుట్టాలు ఎంత బతిమాలినా వదిన ముట్టలేదు. మా వంతు వచ్చిన సాయంత్రం మా ఆవిడ బియ్యం కడగబోతుంటే, "ఆగు, రొట్టె నేను కొడ్త" అన్నాను. ఆమె బియ్యం గిన్నె పక్కన పెట్టింది. మరిగే నీళ్లు పోసిన పిండిలో చెయ్యి పెట్టి వేళ్లు కాల్చుకున్నాను. మొదటిది పీట మీదే చిరిగింది. రెండోది పెనం మీద సగం, నా చొక్కా మీద సగం. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిన మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. "ఏందయ్యా గిది! మంజీర నది పటం గీసినవా?" అని అక్కడే కూలబడి నవ్వింది. గోడ వైపు కాదు, నన్ను చూసి.

ఉన్నవాటిలో కాస్త రొట్టెలా కనబడేది తీసుకుని నేనే పోయాను. వదిన మూత తీసి చూసింది.

"నువ్వు కొట్టినవా తమ్మీ?"

"అవును వదినా."

"మీ అన్న మొదటిది ఇంతకంటె ఘోరంగ ఉండె."

ఏడుస్తుందనుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతూనే, నవ్వు బయటపడింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

రొట్టె కొట్టింది నేను. వేళ్లు కాలినవి నావి. ఆమెను నవ్వించింది మాత్రం ఆయనే, పోయాక కూడా. కుళ్లుకోక ఏం చెయ్యమంటారు?

ఇప్పుడు మా ఇంట్లో అప్పుడప్పుడు రొట్టె నాదే. గుండ్రంగా ఇంకా రావడం లేదు. గోడ అవతల చాలా రోజులు ఏ చప్పుడూ లేదు. మొన్న సాయంత్రం పీట ముందు కూర్చుని కొడుతున్నాను, మా ఆవిడ పక్కన ఉల్లిగడ్డ కోస్తోంది. అవతల ముందుగదిలోంచి గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా.

"నీళ్లు సల్లగైనట్టున్నయ్ తమ్మీ. సప్పుడు సరిగ వస్తలేదు."

నా చెయ్యి పిండి మీద ఆగిపోయింది. మా ఆవిడ లేచి, నీళ్లు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.