తిమ్మప్ప బావ వణుకుడు చెయ్యి

మా తిమ్మప్ప బావకు చెయ్యి వణుకుతుందని అయిజలో తెలియనివాళ్లు లేరు. ఎవరో పుట్టించిన పుకారు కాదు, ఆయనే చాటుకునేవాడు. ఫోటో తీస్తాడు, కెమెరా వెనకున్న చిన్న తెరను అరచేత్తో మూసుకుని చూసుకుంటాడు, మొహం చిన్నబుచ్చుకుంటాడు. "అయ్యో, నా చెయ్యి వణికింది. జర ఇంకోటి" అంటాడు. ఆ "జర"కు అంతూ పొంతూ ఉండదు.

అయిజలో స్టూడియో నాది. ఇరవై ఏళ్లుగా రీలు కెమెరాతో, రీలుకు ముప్పై ఆరు ఫోటోలైతే ముప్పై ఆరూ నిలబెట్టినవాణ్ణి. 2006లో ఈయన వేరుశనగ అమ్మి, కర్నూలు వెళ్లి డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చి "నేను గూడ ఫోటోలు తీస్త" అంటే నాకు ఒళ్లు మండదా? అక్క మొగుడు కాబట్టి నోరు మూసుకున్నాను. పూర్తిగా కాదు, సగం.

మొదటి పెళ్లిలోనే తలంబ్రాలు నాలుగుసార్లు పోయించాడు. బియ్యం అయిపోతే కింద పడ్డవి ఏరించి మళ్లీ పోయించాడు.

"ఏం తిమ్మప్పా, తాళి కట్టేటప్పుడు గూడ వణుకుతదా?" అన్నాడు పురోహితుడు.

"చెప్పలేం అయ్యగారూ, జర తయారుగుండుండ్రి."

అంతవరకు తల ఎత్తని పెళ్లికూతురు పకపకా నవ్వింది. మా ఇంటి పరువు నవ్వులపాలైందని నేను పందిరి బయటికి వెళ్లి నిలబడ్డాను.

ఇంకోసారి బీమా కాగితాలకు నాగన్న బర్రె ఫోటో కావాల్సి వచ్చింది. పదకొండు తీశాడు. బర్రెకు విసుగొచ్చి పడుకుంది.

"బర్రె కదలలె బామ్మర్దీ, నా చెయ్యే కదిలింది" అన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు.

ఇక లాభం లేదని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "సూర్యుణ్ణి ఈపు ఎనక పెట్టుకో. మోచేతులు డొక్కలకు ఆనియ్యి. మీట సగం నొక్కి ఆగు, చుక్క పచ్చగైనంక పూర్తిగ నొక్కు. నొక్కేటప్పుడు ఊపిరి ఆపు."

ఒకటో తరగతి పిల్లవాడిలా తల ఊపుతూ విన్నాడు. "ఊపిరి ఆపుత బామ్మర్దీ. గుండె గూడ ఆపాల్నా?"

ఆపితే పీడ పోతుందని అనబోయి, అక్క గుర్తొచ్చి మానుకున్నాను.

ఆ ఏడే ఉపాధి హామీ కార్డుల ఫోటోల పని నాకు దొరికింది. వడ్డేపల్లి పక్క ఊళ్లో నేను తీసినవాటిలో ఒకటి ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. కృప అనే కూలీ మనిషిది. మొహం మీద బొల్లి మచ్చలని, చెప్పినా వినక కళ్లదాకా కొంగు కప్పుకుని కూర్చుంటే, నాకేమని నొక్కేశాను. మొహం కనబడని ఫోటో చెల్లదన్నారు. గడువు మరునాటితో సరి. కార్డు లేకపోతే ఊళ్లో పని లేదు, చంటిపిల్లను చంకనేసుకుని ఆమె పూణె లారీ ఎక్కాల్సిందే. రీలు కడిగించే వ్యవధి లేక, గతిలేక, బావను వెంటబెట్టుకుని వెళ్లాను.

"కొంగు తియ్యమ్మా. మొన్న గూడ చెప్పిన గద" అన్నాను గట్టిగా.

"కార్డూ ఒద్దు, ఏమొద్దు. పూణెకే పోత" అని కృప లేచింది.

"కూసో చెల్లే. కొంగు అట్లనే ఉండనియ్యి" అన్నాడు బావ. నొక్కాడు. తెర చూసుకున్నాడు. "అయ్యో, నా చెయ్యి వణికింది."

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఐదు అయ్యాయి. ఎనిమిది అయ్యాయి. పన్నెండో దానికి కృపే ఓపిక పట్టలేకపోయింది.

"ఏందన్నా, నీది చెయ్యా, రావి ఆకా?"

"పొద్దుగాల రొట్టె తినలె చెల్లే. అందుకే గిట్ల."

"తినిరాపో మరి. మేం యాడికి పోతం?" అంటూ నవ్వింది. బావ మళ్లీ నొక్కాడు, మళ్లీ మొహం వేలాడేశాడు. కృపకు జాలేసింది. "నీ పరేషాన్ సూడలేకపోతున్న అన్నా. ఇగో, మొహం మంచిగ అవుపడితెనన్న వస్తదేమో సూడు" అని కొంగు తానే కిందికి లాగేసింది.

"ఈసారి వణకలె" అన్నాడు బావ.

బావ ఎప్పుడూ మంచిదొక్కటి ఉంచి, మిగతావన్నీ తుడిచేశాకే ఫోటోలు ప్రింటు కోసం నా చేతికిచ్చేవాడు. ఆ రోజు తొందరలో కుదరలేదు. స్టూడియోకు రాగానే కంప్యూటర్లో పెట్టి చూశాను. పద్నాలుగు ఫోటోలు. మొదటి దాంట్లోనే కొంగు నేత పోగుపోగూ కనిపిస్తోంది. ఆమె ఒళ్లోని పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

"బావా, ఇండ్ల వణికింది ఏది?"

బావ వెళ్లి తలుపు దగ్గరికి వేసొచ్చాడు. "జర మెల్లగ అనయ్యా. ఊర్ల తెలిస్తే నా పని ఖతం."

"మరెందుకు గట్ల చెప్తవ్?"

"మొహం మంచిగ పెట్టు అంటే ఎవరికైన సిగ్గయితది బామ్మర్దీ. బిగుసుకపోతరు. నా చెయ్యే మంచిగ లేదంటే ఎవరికేం బాధ?"

ఈయనకా నేను మోచేతులు డొక్కలకు ఆనించమని నేర్పింది! సిగ్గుతో నా మొహం ఎర్రబడింది. అదృష్టవశాత్తు బావ చేతిలో అప్పుడు కెమెరా లేదు.

కార్డు అందిన వారానికి కృప అయిజ వచ్చింది. వరుసగా ఆరు రోజులు చెరువు మట్టి పని దొరికిందట. బావ ముందు కార్డు తెరిచి పెట్టింది.

"దీంట్ల నేను గోరంత ఉన్న. ఇంట్ల గోడకు పెట్టుకోనీకి పెద్దది తియ్యన్నా."

కొంగు నడుముకు చెక్కుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, కెమెరా కంట్లోకి చూసింది. బావ ఒక్కటే తీశాడు.