ఘాట్ మీద బండి ఊపిరి

నిర్మల్ దాటి ఘాట్ మొదలయ్యే చోట, వానాకాలం పొద్దున పూట మబ్బు రోడ్డు మీదికి దిగి ఉంటుంది. టేకు చెట్లు దూరం నుంచి కనిపించవు. బండి దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కొక్కటే పుట్టి, అద్దం పక్కగా జారి, మళ్ళీ లేకుండా పోతాయి. ఆ దారిలో నాకు ఎప్పుడూ సగం నిద్రే. కళ్ళు మూసుకున్నా ఇంజను చప్పుడు మాత్రం చెవిలో నడుస్తూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి మగ్గాల చప్పుడులో పడుకున్నదాన్ని. చప్పుడు ఉంటే నాకు నిద్ర పడుతుంది, చప్పుడు మారితే మెలకువ వస్తుంది.

శ్రావణంలో ఒక సోమవారం అలా మెలకువ వచ్చింది. ఆదిలాబాద్ లోడు సోమవారమే పోతుంది కాబట్టి రోజు విషయంలో నాకు అనుమానం లేదు. బండి లాగుతోంది, వదిలేస్తోంది, మళ్ళీ లాగుతోంది. ఎవరో ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపుతున్నట్టు వీపు సీటుకు ఆనుతోంది, ముందుకు ఒరుగుతోంది. ఎక్కడి నుంచో సన్నటి ఈల పైకి లేచి, పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటపలాడి తెగిపోతోంది. మళ్ళీ ఈల, మళ్ళీ రెక్కలు. నిద్రమత్తులో అది బాగానే ఉంది. పూర్తిగా కళ్ళు తెరిచాక బాగా లేదు.

మాది మరమగ్గాల ఊరు. మా మగ్గాలు అమ్మి ఈ చిన్న డీజిల్ పికప్ కొన్నాం. ఊళ్ళోవాళ్ళు నేసిన బట్టను కరీంనగర్‌కు వారం వారం, ఆదిలాబాద్‌కు నెలకోసారి చేరవేస్తాం. తోలేది మా ఆయన. మూటలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లెక్క నాది.

ఆ రోజు మా కొడుకు కూడా బండిలో ఉన్నాడు. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ ఆఫీసులో పని చేస్తాడు. ఆదిలాబాద్‌లో ఏదో పనుండి మాతో ఎక్కాడు. బండి నాలుగైదుసార్లు ఊగాక తండ్రి పాదం వైపు వంగి చూశాడు.

"బాపూ, కాలు గట్ల ఎత్తుడు దించుడు చేస్తున్నవేంది?"

"నేనేడ ఎత్తిన? బండే గుంజుతుంది."

"బండి దానంతట అదే గుంజుతదా? నీ కాలు వణుకుతున్నట్టుంది."

మా ఆయన గేరు మార్చాడు. చిన్నతనంలో గుంత మగ్గం మీద నేసిన మనిషి. గుంతలో కాళ్ళు పెట్టి, ఒక పాదం తొక్కి ఒక పాదం వదిలి, చీకటి పడేదాకా తప్పు లేకుండా నేసేవాడు. ఆ కాళ్ళకు వణుకు పేరు పెట్టడం ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. మెడ కింద నరం కదిలింది, అంతే.

ఇంటికి వచ్చాక ఇద్దరం బండిని శుభ్రంగా కడిగి, తుడిచి, కరీంనగర్‌లో మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాం. మెకానిక్ నడివయసు మనిషి. నోట్లో వక్కపొడి, మాటలో వెటకారం.

"ఏంది కాకా, బండికి పెండ్లి చూపులా? గింత మెరుస్తుంది?"

నేను అంతా వరసగా చెప్పాను. ఎక్కుడు రోడ్డు మీద ఊగుతుంది, చదును మీద ఊగదు. లోడుతో ఊగుతుంది, ఖాళీగా ఊగదు. డీజిల్ ఎక్కువ తాగుతోంది. అతను శ్రద్ధగా విని, టర్బో అన్నాడు. ఇంజను వదిలే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుందట. అది సన్నగా ఈల వేస్తూ తిరిగి, బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుందట. ఆ గాలి ఒక్క తీరుగా అందకపోతే బండి లాగుతూ వదులుతూ ఊగుతుందట. నాకు అర్థమైంది. కండె మీద నూలు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా చుట్టుకుంటే బట్ట కూడా అలాగే వస్తుంది.

అతను గొట్టాల మీద సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వస్తాయేమో చూశాడు. రాలేదు. క్లిప్పులు బిగించాడు. టర్బో పక్కనున్న చిన్న కడ్డీని వేలితో లాగి వదిలి, ఇరుక్కోలేదన్నాడు. కంప్యూటర్ తగిలించాడు, అందులోనూ ఏ తప్పూ రాలేదు. గాలి ఫిల్టర్ విప్పి, ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు.

"మగ్గాల ఊరి బండి అంటివి. గింత సాఫ్ ఫిల్టర్ షోరూంల గూడ చూడలే!"

మా ఆయన ముఖం ఆ రోజంతటిలో ఆ ఒక్కసారే విచ్చుకుంది. తర్వాత మెకానిక్ బండిని మానేరు డ్యాం దాకా తోలుకుపోయి వచ్చాడు. ఒక్కసారి కూడా ఊగలేదు.

"ఫికర్ లేదు కాకా. బండి మస్తుగుంది." తాళం ఇస్తూ, గొంతు తగ్గించి, "జర కాలే చూసుకో," అన్నాడు.

ఆ మాట కొడుకుకు చేరింది. ఇంటికి వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. వాడి గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఘాట్ మీద ఒక పక్క లోయ, ఎదురుగా లారీలు.

"ఇంకొక్కసారి పోయి రాండ్రి. మళ్ల గట్లనే అయితే తాళం నాకియ్యాలె. బండి అమ్ముదాం. నువ్వు గిట్ల మొండికేస్తే నాకు ఆఫీసుల పని మీద మనసు నిలుస్తలేదు బాపూ."

"అమ్ముదాం," అన్నాడు మా ఆయన. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. తన కాలిని తానే నమ్మడం మానేశాడని తెలిసింది.

భాద్రపదంలో మళ్ళీ ఆదిలాబాద్ లోడు ఎత్తాం. బయలుదేరేటప్పుడు చిన్న తుంపర. మెట్‌పల్లి దాటేసరికి వాన, సోన్ దగ్గర గోదావరి దాటేటప్పుడు నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. వంతెన మీద పోతుంటే బండి కింద ఏమీ లేనట్టు, తెల్లటి దూది మీద తేలిపోతున్నట్టు ఉంది. నేను ఈసారి కళ్ళు మూయలేదు. ఆయన కుడి పాదాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఘాట్ మొదలైంది. రెండో మలుపు తిరిగాక బండి లాగి వదిలింది. పాదం కదలలేదు. మళ్ళీ లాగింది, వదిలింది. చెప్పు అంచుకూ పెడల్ అంచుకూ మధ్య సందు అంతే ఉంది, పెరగలేదు, తగ్గలేదు. బండి ఊగుతోంది, పాదం నిలిచి ఉంది.

"ఇగో, జర పక్కకు ఆపు," అన్నాను.

"ఏందే? కడుపుల తిప్పుతుందా?"

"ఆపు ముందు. నీ కాలు కాదు. నేను చూస్తనే ఉన్న."

రోడ్డు కొంచెం వెడల్పున్న చోట ఆపాడు. టైర్ల కింద రాళ్ళు పెట్టాను. ఇంజను ఆపొద్దని, నేను చెయ్యి ఊపినప్పుడు గట్టిగా రేజ్ చేయమని చెప్పాను. తడిసిపోతావని ఆయన అరుస్తుంటే కొంగు నెత్తిన వేసుకుని దిగాను. మగ్గాల షెడ్డులో ఒక్క మగ్గం శ్రుతి తప్పితే అన్నిటి మధ్య నడుస్తూ చెవితో వెతుకుతాం. అలాగే బానెట్ ముందు నిలబడ్డాను. అక్కడ ఇంజను మోత తప్ప ఏమీ లేదు. చక్రం పక్కకు వచ్చాను, అక్కడా లేదు. క్యాబిన్ వెనక్కి వచ్చాను. అక్కడ దొరికింది, ఆ పావురం రెక్కల చప్పుడు.

ఇంజనుకు గాలి పోయే గొట్టం మా బండికి క్యాబిన్ వెనక నిలబడి ఉంటుంది. దాని మూతికి ఒక బట్ట టోపీ. ఇంజను మోత పెరిగినప్పుడు టోపీ లోపలికి పీల్చుకుని మూతికి అతుక్కుపోతోంది. ఇంజను నీరసించగానే వదులై ఉబ్బుతోంది. మళ్ళీ అతుక్కుంటోంది. వానలో కప్ప గొంతు ఆడినట్టు ఆడుతోంది.

ఇక్కడ మా ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మగ్గాలున్న ఊళ్ళో నూలు నుసి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. అందుకని ప్రతిదానికీ గుడ్డ తొడుగుతాం. బిందెకు, టీవీకి, కుట్టు మిషనుకు, ఆఖరికి ఫ్యాన్ మోటారుకు కూడా. బండి కొన్న వారానికే మా ఆయన ఆ గొట్టానికి పలచటి నూలు బట్టతో టోపీ కుట్టి, నాడాతో బిగించాడు. అది చాలాకాలం బాగానే ఉంది. వేసవిలో అది చినిగితే కొత్తది కుట్టాడు, ఈసారి పాలిస్టర్ ముక్కతో. దగ్గరి నేత. దాని మీద నుసి పేరుకుంది, నుసి మీద వాన పడింది. బయటివాళ్ళకు చూపించే వస్తువుకు తొడుగు తీసి చూపించడం మా అలవాటు. మెకానిక్ దగ్గరికి పోయేముందు బండి కడిగినప్పుడు టోపీ తీసి ఇంట్లో పెట్టాడు, వచ్చాక మళ్ళీ తొడిగాడు. తీశానని ఆయనకు తోచలేదు, తీశాడని నాకు తోచలేదు. చెంబు మీది గుడ్డ తీసిన సంగతి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

టోపీ ఊడదీశాను. తడిసిన దూది పరుపులా బరువుగా ఉంది. తీసుకుపోయి ఆయన ఒళ్ళో వేశాను.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. వాసన చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. భుజాలు కదిలేంత నవ్వు.

"నేనే కుట్టిన గద. డబుల్ కుట్టు వేసిన, ఊడొద్దని."

"మంచిగ వేసినవు. బండి గొంతు పిసికినవు."

"ఫిల్టర్ సాఫ్ ఉందన్నడా లేదా?"

"గాలే పోకుంటే సాఫ్ ఉండక ఏం జేస్తది?"

బండి కదిలింది. ఈల మెల్లగా పైకి లేచి, అక్కడే నిలిచింది. తెగలేదు. మూటల బరువంతా వెనక ఉన్నా బండి మబ్బులోకి ఒకే తీరుగా ఎక్కుతోంది. టేకు చెట్లు వస్తున్నాయి, పోతున్నాయి. నాకు ఎంత హాయి అనిపించిందంటే చెయ్యి చాచి ఆయన మోకాలి మీద పెట్టాను.

అప్పుడు తెలిసింది. అరచేతి కింద సన్నటి కదలిక. బిగించిన పడుగు దారాన్ని వేలితో మీటితే చాలాసేపు అదురుతూ ఉంటుంది, అలాంటిది. అది బండిని ఊపేంత పెద్దది కాదు. పెడల్ దాకా కూడా చేరడం లేదు. కానీ ఉంది. బండి ఊగినప్పుడు ఆ ఊపులో కలిసిపోయింది, ఇప్పుడు బండి నెమ్మదించాక విడిగా మిగిలింది. ఉన్నదాన్ని లేదనడం నాకు రాదు.

"కాలు వణుకుతుంది. జరంతనే," అన్నాను.

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. మలుపు పూర్తిగా తిరిగాక అన్నాడు.

"ఎరికే. బండి ఊగినన్నొద్దులు అది బండిదే అనుకున్న. ఇప్పుడే తెలుస్తుంది, నాది గూడ ఉందని."

ఘాట్ మధ్యలో రేకుల టీ కొట్టు దగ్గర ఆగాం. మేము పైకి చేరామో లేదో అని కొడుకు ఫోన్ చేశాడు. ఆయన స్పీకర్ పెట్టి టోపీ సంగతి మొత్తం చెప్పాడు. అటు నుంచి వాడు నవ్వి నవ్వి దగ్గాడు.

"అయితే బండిదే తప్పు! నీ కాలును అన్యాయంగ అన్న గద బాపూ. ఇగ తాళం నీ దగ్గరనే ఉండనియ్."

"కరీంనగర్ దాకా నా దగ్గరనే ఉంటది. చదును రోడ్డు. ఆదిలాబాద్‌కు మాత్రం వచ్చే నెల నుంచి డ్రైవర్ను చూడు."

"ఎందుకు? బండి మంచిగైంది గద. ఇంకొన్నొద్దులు తోలు. నేనేమన్న అన్ననా ఇప్పుడు?"

"నువ్వేమనలే. మీ అవ్వ చెయ్యి పెట్టి చూసింది."

వాడు, "అవ్వా, నిజమేనా?" అన్నాడు. చిన్నప్పుడు జ్వరం చూసి చెప్పమన్నట్టే అడిగాడు. నిజమేనన్నాను. ఈ పూటకు ఘాట్ దాటడానికి భయం లేదనీ, వచ్చేటప్పుడు ఖాళీ బండి కాబట్టి అదీ భయం లేదనీ చెప్పాను. టీ చల్లారిపోయింది. మా ఆయన ఇంకోటి చెప్పి, నాకు సగం పోశాడు.

మిగిలిన మలుపులు ఆయన చాలా నెమ్మదిగా తోలాడు. లారీలు హారన్ కొట్టి దాటిపోతుంటే చెయ్యి బయట పెట్టి దారి ఇచ్చాడు. వాన వెలిసి, ఒకచోట మబ్బు చిరిగింది. కింద లోయలో ఏదో మెరిసింది.

"గా కింద వాగున్నదా? ఇన్నేండ్లు తిరిగిన, ఎన్నడు చూడలే. రోడ్డే చూసిన," అన్నాడు, తల తిప్పబోతూ.

"ఇప్పుడు గూడ రోడ్డే చూడు," అన్నాను.

అద్దం దింపి, ఆయన బదులు నేను చూశాను. వాగు ఎర్రగా పారుతోందని, మధ్యలో రాతి మీద ఒక కొంగ నిలబడిందని, అవతలి ఒడ్డున ఎవరో మేకలను దాటిస్తున్నారని, మళ్ళీ మబ్బు కమ్మేదాకా ఒక్కొక్కటే చెబుతూ పోయాను.