నైరుతి తలుపు

నేను పిరికివాణ్ణని మా అక్క చిన్నప్పటి నుంచీ ఏడిపిస్తుంది. కాదని ఎప్పుడూ అనలేదు.

బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో నేను గుమాస్తాను. అక్క అక్కడే రెండో అంతస్తులో టైలరు. పోయినేడు మా ఓనరు మూడో అంతస్తులోనూ మిషన్లు వేయాలనుకున్నాడు. దానికి ఫైర్ వాళ్ళ అనుమతి కావాలి. ఫైలు పని నా నెత్తిన పడింది. ప్లాను, అర్జీ, హామీపత్రం అన్నీ సిద్ధం చేశాను. మిగిలింది ఒక్క ఫోటో. రెండో అంతస్తులో బయటి మెట్లకు పోయే వెనక తలుపు తెరిచి ఉన్నట్టు చూపించాలి.

ఫోన్ పట్టుకుని పైకి వెళ్ళాను. తలుపుకు పిడికిలంత తాళం, తాళానికి కుంకుమ బొట్టు, పైన నిమ్మకాయల దండ. నైరుతి తలుపు తెరిస్తే అరిష్టమని ఓనరు ఎప్పుడో మూయించాడట. దాన్ని ఆనుకునే మా అక్క మిషన్.

తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందని సూపర్‌వైజరు అన్నాడు. సూపర్‌వైజరు దగ్గరే ఉందని వాచ్‌మన్ అన్నాడు. చుట్టూ చూశాను. గది నిండా గుడ్డలు, ఆడవాళ్ళు. ఓనరుకు ఫోన్ చేశాను.

"కాటన్‌పేట ఇంట్లో, దేవుని గూట్లో ఉండాదప్పా. భద్రంగా ఉండాదిలే."

భద్రమా, నీ బొంద! పైకి అనలేదు. నిప్పంటుకుంటే, ఈ ట్రాఫిక్‌లో కాటన్‌పేట నుంచి తాళంచెవి వచ్చేలోపు ఏం మిగులుతుంది?

మర్నాడు ఆయనే తెచ్చి, దండం పెట్టుకుని తీశాడు. "బేగ మూసేయప్పా, రాహుకాలం వస్తాది" అని దిగిపోయాడు. ఫోటో తీశాను. 'పనివేళల్లో ఈ తలుపు తెరిచే ఉంటుంది' అని హామీపత్రంలో టైపు చేసింది నేనే. సాక్షి సంతకమూ నాదే.

"ఏమిరా, చెమటలు కార్తాండాయి?" అంది అక్క. నిప్పంటుకుంటే ఏమవుతుందోనన్న నా భయం చెప్పాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. "ఇన్నేండ్లూ దీని పక్కనే కూచోనుండాను గదరా" అంది.

తాళం నా సంచిలో వేసుకున్నాను. ఓనరు అడిగితే కనబడలేదన్నాను. "పోనీలే, అమావాస్య పోనీ, కొత్తది వేస్తాము" అన్నాడు.

అనుమతి వచ్చింది. కొత్త తాళం కవరు కూడా విప్పకుండా ఆయన టేబులు మీదే పడి ఉంది. రోజూ పొద్దున దాన్ని చూసేదాకా నాకు ప్రాణం కుదుటపడేది కాదు. అమావాస్య వెళ్ళిన మర్నాడు చూస్తే అక్కడ లేదు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పైన ఓనరు తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క స్టూలు ఆ తలుపు గడప మీదికి లాక్కుని కూర్చుని ఉంది.

"లెయ్యమ్మా" అంటున్నాడాయన.

"లెయ్యను సార్. నన్ను బయటికి తోసి మూసుకోండి."

ఒక్కో మిషనూ ఆగిపోయింది. అందరూ నావైపు చూశారు. సంచిలోంచి హామీపత్రం నకలు తీసి, తలుపు గురించిన ఆ ఒక్క వాక్యం గట్టిగా చదివాను.