లాజరు ఇంటి వెనక ఈతకొలను

2018 ఏప్రిల్. హుజూర్‌నగర్ శివారులో ఒక ఇంటికి విలువ కట్టి రమ్మని బ్యాంకు నుంచి నాకు ఫైలు వచ్చింది. నేను నల్లగొండలో వాల్యుయర్‌ని. ఎవరైనా ఇల్లు తాకట్టు పెట్టి లోన్ అడిగితే, ఆ ఇల్లు రేపు అమ్మకానికి వస్తే ఎంత పలుకుతుందో చూసి బ్యాంకుకు రాసిచ్చేది మేమే. దాన్ని మార్కెట్ వాల్యూ అంటాం. కట్టడానికి ఎంత ఖర్చయిందన్నది వేరే సంగతి. ఈ తేడా వినగానే ఇంటివాళ్ల ముఖాలు మాడిపోతాయి. ఎన్ని బస్తాల సిమెంటు పట్టిందో, స్లాబు వేసిన రోజు వాన ఎలా కురిసిందో వాళ్లకు గుర్తుంటుంది మరి. కొనేవాడికి అదేమీ పట్టదు.

ఆ ఇంటి యజమాని పేరు లాజరు. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేశాడు. ఆ ఏడాదే ఉద్యోగం పోయింది. సొంతంగా లేత్ మిషన్ పెట్టుకుని, ఫ్యాక్టరీలకు కావాల్సిన విడిభాగాలు తయారుచేసి బతకాలని ఆలోచన. అందుకే లోన్.

ఇల్లు పొందికగా ఉంది. రెండు పడకగదులు, ముందు చిన్న వరండా. గదులు కొలుచుకుంటూ వెనక తలుపు తీసి అక్కడే ఆగిపోయాను. నాపరాళ్లు పరిచిన గట్టు, దాని నడుమ ముప్పై అడుగుల పొడవున ఈతకొలను. నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. పదిమంది ఆడపిల్లలు గట్టు పట్టుకుని కాళ్లు కొడుతున్నారు. లాజరు కూతురు రూతు, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, నడుము లోతు నీళ్లలో నిలబడి "మోకాళ్లు మడవకుండ్రి" అని అరుస్తోంది.

ఈతకొలను ఉంటే ఇంటి విలువ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకు అది నిజమే కావచ్చు. మా దగ్గర చిన్న పట్టణాల్లో అలా ఉండదు. రోజూ ఫిల్టర్ నడవాలి, క్లోరిన్ కలపాలి, బోరు ఎండితే దిక్కులేదు, చిన్నపిల్లలున్న వాళ్లకైతే భయం. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట, దీన్ని పూడ్చడానికి ఎంతవుతుందని. అందుకే పూల్‌కు విలువేమీ వేయకుండా, పూడ్చే ఖర్చును స్థలం విలువలోంచి తీసేయడం నాకు అలవాటు.

"గీ పూల్ ఎవరు కట్టిండ్రు?" అని అడిగాను.

"నేనే సార్. సెలవు దినాలల్ల జర జర కట్టుకుంట వచ్చిన. మోటరు, ఫిల్టరు అన్నీ నా చేతులతోనే బిగించిన. మూడేండ్లు వట్టింది." అతని గొంతులో గర్వం దాగలేదు. "దీనికి మంచి రేటు వస్తది గద సార్?"

ఇలాంటి మాట దాచిపెట్టి తర్వాత రిపోర్టులో చూపించడం నాకు నచ్చదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "రాదు లాజర్ గారూ. పైగా పూడ్చే ఖర్చు తీసెయ్యాలె. కొనేటోళ్లు గట్లనే చూస్తరు."

"పూడుస్తరా?" అన్నాడు. నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

అతని భార్య సంతోషమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. లాజరు నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకు తొమ్మిదేండ్లు సార్ అప్పుడు. మా ఊళ్లె పెద్ద బాయి ఉండె. ఎండకాలం పోరగాండ్లందరు దుంకుతుండిరి. మా వాడోళ్లం గట్టు మీద నిలవడి చూసుడే. ఒక్కనాడు ఉండవట్టక నేను గూడ దుంకిన. ఈత రాదు, మెట్టు వట్టుకొని ఆడిన, గంతే. గా బాయోళ్లు మా బాపును పిలిపించిండ్రు. బాయి కాడ ఎండల కూసోవెట్టి, మోటరు వెట్టి నీళ్లన్నీ తోడిచ్చిండ్రు. పొద్దుమూకిందాక. నీళ్లన్నీ పోయినంక లెవ్వుమన్నరు. ఇంటికొచ్చేదాక మా బాపు తల ఎత్తలే. నన్ను కొట్టను గూడ కొట్టలే."

నేను గ్లాసు కింద పెట్టాను. నేను ఈత నేర్చుకున్నది మా తాత బావిలోనే, నడుముకు బెండు కట్టుకుని. ఆ బావి గట్టు మీద కూడా కొందరు పిల్లలు నిలబడి చూస్తుండేవాళ్లు. వాళ్లు ఎందుకు దిగడం లేదని నేను ఒక్కసారైనా అడగలేదు. యాభై ఏళ్లు వచ్చాక, లాజరు పూల్ గట్టు మీద, మొదటిసారి వాళ్ల ముఖాలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కటీ గుర్తురాలేదు.

"గీ పిల్లలు ఎవరు?" అన్నాను చివరికి.

"మా బస్తీ పిల్లలు, పక్క బస్తీ పిల్లలు. మేం సామాన్లు గొనే షాపు మస్తాన్ సాబ్ బిడ్డలు ఇద్దరు. ఎవలొస్తే వాళ్లు. పైసలు దీస్కోం."

నల్లగొండకు తిరిగొచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. అంకెలు మారలేదు. జాలి పడి విలువ పెంచి రాస్తే అది అబద్ధం. రేపు వాయిదా కట్టలేకపోతే ఆ అబద్ధం లాజరునే ముంచుతుంది. కానీ కాగితాలు మళ్లీ తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. ఇల్లున్న జాగాకు ఒక రిజిస్ట్రేషన్, పూల్ ఉన్న జాగాకు ఆరేళ్ల తర్వాత వేరే రిజిస్ట్రేషన్. బ్యాంకుకు ఇచ్చేటప్పుడు రెండూ కలిపి ఇచ్చేశాడు. నా కొలతల కాగితం తీసి చూశాను. పూల్ జాగాకు వెనక సందులోంచి విడిగా దారి ఉంది. అంటే ఇంటితో సంబంధం లేకుండా అది నిలబడగలదు.

లాజరుకు ఫోన్ చేశాను. "రెండు జాగలూ తాకట్టు పెట్టాలని రూల్ ఏం లేదు. ఇంటి జాగా ఒక్కటే పెట్టొచ్చు. అప్పుడు పూల్ జోలికి ఎవరూ రారు. కాని ఒక్కటి ఇనుండ్రి. పూడ్చే ఖర్చు పోయినా గా జాగాకు విలువ ఉంటది. రెండూ పెడితే లోన్ ఎక్కువొస్తది, కొత్త మిషన్ కొనుక్కోవచ్చు. ఒక్కటే పెడితే పాత మిషన్‌కు సరిపోతది. ఫికర్ చెయ్యకుండ ఇంట్ల కూసొని ఆలోచన చేసుకోండ్రి."

రెండు రోజుల తర్వాత భార్యాభర్తలు బ్యాంకుకు వచ్చారు. మేనేజర్ పిలిస్తే నేనూ వెళ్లాను. పూల్ జాగా కాగితాలు వెనక్కి ఇమ్మని లాజరు అడిగాడు. మేనేజర్‌కు అర్థం కాలేదు.

"ఎవరైనా ఉండే ఇంటిని కాపాడుకుంటారు. మీరేంటి, ఇల్లు తాకట్టు పెట్టి ఈతకొలను దాచుకుంటున్నారు?"

లాజరు భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఇల్లు పోతే కిరాయికుంటం సార్. గా నీళ్లు పోతే మా పిల్లలు మళ్ల ఎవల బాయి కాడ నిలవడాలె?"

మేనేజర్ ఫైలు తెరిచాడు. కాగితాలు తీసి అతని చేతికిచ్చాడు.

లాజరు పాత లేత్ మిషన్ కొని ఒక షెడ్డులో పెట్టుకున్నాడు. అది నెలకోసారి మొరాయించేది, తనే బాగుచేసుకునేవాడు. కరోనా వచ్చినప్పుడు షెడ్డు మూతపడింది, పూల్ ఎండబెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఒకసారి ఫోన్ చేసి, వాయిదాలు ఆపుకునే వీలుందా అని అడిగాడు. పూల్ జాగా అమ్మితే గట్టెక్కుతారని నేను అనలేదు, అతనూ ఆ మాట తీయలేదు. ఎలాగో ఈదుకొచ్చాడు.

2023లో ఆ వీధిలోనే ఇంకో ఇల్లు చూడటానికి వెళ్లి, వాళ్లింటికి పోయాను. లాజరు షెడ్డులో ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరు పనివాళ్లు. రూతు ఒక స్కూల్లో పీఈటీ టీచర్ అయింది. వెనక తలుపు తీస్తే, పూల్‌లో తక్కువ లోతున్న చోట మెట్టు మీద ఒక ముసలాయన ఛాతీ దాకా నీళ్లలో కూర్చుని ఉన్నాడు. లాజరు తండ్రి ఏసోబు. ఇన్నాళ్లూ ఊళ్లోనే ఉండి, భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చాడట.

"పెద్దయ్యా, సల్లగున్నయా నీళ్లు?" అన్నాను.

"మంచిగున్నయి బిడ్డా," అన్నాడు. రెండు చేతులతో నీళ్లు తీసుకుని ముఖం మీద పోసుకున్నాడు. మళ్లీ పోసుకున్నాడు. నేను అక్కడ నిలబడ్డ సంగతి మరిచిపోయినట్టున్నాడు.

విలువ కట్టే పద్ధతి నేనేమీ మార్చుకోలేదు. ఇవాళ ఆ జాగా అమ్మకానికి వచ్చినా పూల్‌కు విలువ వేయను, పూడ్చే ఖర్చు తీసేస్తాను. కొనేవాడి కళ్లతో చూడటమే నా పని. అయితే కొనేవాడి కళ్లకు ఆనని సంగతులు ఇంట్లో కొన్ని ఉంటాయని లాజరు వల్ల తెలిసింది. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, టేపు బయటికి తీయకముందే ఇంటివాళ్లను కూర్చోబెట్టి ఒక మాట అడుగుతాను, ఇందులో ఏది పోతే మీరు తట్టుకోలేరని. కొందరు నవ్వుతారు. కొందరు లేచి, నన్ను తీసుకెళ్లి చూపిస్తారు.