అమ్మ గొంతును మింగిన నా కీబోర్డు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే, భద్రాచలంలో స్టాఫ్ నర్సుగా పనిచేసే మా అన్న కూతురి నుంచి సెల్లుకు ఒక పాట వచ్చింది. డ్యూటీ లేని రోజుల్లో తన క్వార్టర్‌లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని పాటలు తయారుచేయడం ఆ పిల్లకు అలవాటు. ఈసారీ జూలూరుపాడులో ఉండే వాళ్లమ్మ చేత, అంటే మా వదిన చేత, ఒక వరినాట్ల పాట పాడించి, డప్పు, వేణువు చేర్చి, మిక్సింగూ మాస్టరింగూ కూడా తనే చేసి పంపింది. మన ఈడు వాళ్లకు ఈ మాటలు కొత్త కావచ్చు గనుక చెబుతున్నాను: విడివిడిగా పట్టిన గొంతులో, వాయిద్యాల్లో ఏది ఎంత వినపడాలో చూసి కలపడం మిక్సింగ్ (మా రోజుల్లో కూర్పు అనేవాళ్లం), అలా కలిపినదాన్ని ఏ స్పీకరు పెట్టెలో వేసినా, ఏ సెల్లులో వేసినా చక్కగా వినిపించేలా ఆఖరి మెరుగు పెట్టడం మాస్టరింగ్.

పాట వేస్తే పిండిమర పక్కన నిలబడినట్టుంది. వదిన గొంతు ఎక్కడో బావిలోంచి పిలుస్తున్నట్టుంది. ఇదేమిటమ్మా, ఎవరికైనా చూపించలేదా అని ఫోను చేస్తే, పాటలు విడుదల చేసే కంపెనీ వాళ్లు రాసిన ఉత్తరం చదివి వినిపించింది.

"ఇండిపెండెంట్ ఆర్టిస్టు అంటే అన్నీ సొంతంగనే చేసుకోవాలెనంట చిన్నాయనా. ఫైనల్ చేసి పంపితేనే తీసుకుంటరంట."

నా ఒళ్లు మండిపోయింది. పిల్ల మీద కాదు, నలుగురు చేయవలసిన పనిని ఒక్కదాని నెత్తిన రుద్ది దానికి స్వతంత్రమని పేరు పెట్టిన ఆ పెద్దమనుషుల మీద. ఆపరేషన్ చేసే డాక్టరే మత్తుమందు కూడా ఇవ్వాలని ఆ పిల్ల పనిచేసే దవాఖానాలో ఎవరైనా అంటారా? పాట విషయంలో మాత్రం అనవచ్చు కాబోలు.

అంత కోపం నాకెందుకో చెప్పాలంటే నా ఇరవై రెండో ఏట దగ్గరికి వెళ్లాలి. అప్పుడు ఖమ్మంలో మా మేనమామకు ఒక రికార్డింగు గది ఉండేది. గోడలకు పాత పరుపులు, గోనెసంచులు కొట్టి, ఫ్యాను చప్పుడు టేపులో పడుతుందని మే నెలలో కూడా దాన్ని ఆపేసి, చెమటలు కక్కుకుంటూ పాటలు పట్టేవాళ్లం. సరిగ్గా మంచి చరణం దగ్గరికొచ్చేసరికి గూడ్సు బండి కూతపెట్టిపోయేది, మళ్లీ మొదటికి. మామకు ఒక పట్టుదల ఉండేది. పాట కట్టినవాణ్ణి, వాయించినవాణ్ణి ఆఖరి కూర్పు దగ్గర ఒంటరిగా కూర్చోనిచ్చేవాడు కాదు. పక్క కొట్టు టైలరునో, టీ బండి ఆవిడనో పిలిచి వినిపించి, ఏం మాటలు వినపడ్డాయో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే మొత్తం మళ్లీ కలపవలసిందే. ఎందుకింత చాదస్తమని ఒకసారి అడిగితే, "కట్టినోనికి మాటలన్నీ ముందే తెలుసు కదరా, ఇనపడకున్నా ఇనపడ్డట్టే ఉంటది" అన్నాడు.

ఆ ఏడే మా చర్చి సంఘం వాళ్లు పాటల క్యాసెట్టు వేయాలనుకున్నారు. మూడు పాటలు మా అమ్మ పాడాలని తేల్చారు. మిరపతోటల్లో కూలికి వెళ్లే మనిషి, మైకు అనేది గుడిలో తప్ప చూసి ఎరుగదు. కొంగు చివర పిడికిట్లో బిగించి పట్టుకుని, దగ్గు వస్తే పాట పాడవుతుందేమోనని రెండు రోజులు నీళ్లు కూడా భయంభయంగా తాగుతూ పాడింది. ఆ గొంతు నున్నటిది కాదు, కాస్త గరుకు. ఆ గరుకులోనే ఏదో ఉండేది, వింటున్నవాళ్లు చేస్తున్న పని ఆపేవారు. నాకు మాత్రం అప్పుడు నా కీబోర్డు తప్ప మరేమీ పట్టలేదు. మామ కొత్తగా కొన్న ఆ వాయిద్యం మీద నేర్చిన విద్యంతా ఆ మూడు పాటల్లో గుమ్మరించి, కూర్పు కూడా నేనే చేస్తానని పంతం పట్టి గది తలుపు వేసుకున్నాను.

మామ వచ్చి, "ఒక్కసారి నన్ను ఇననియ్‌రా" అన్నాడు.

"మా అమ్మ గొంతు నాకు తెల్వదా మామా? నా మీద నమ్మకం లేదా ఏంది?" అన్నాను.

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. దాన్ని నేను గెలుపనుకున్నాను.

క్యాసెట్టు విడుదలనాడు గుడిలో పెద్ద బాక్సుల్లో వేశారు. గుడంతా నా కీబోర్డే. పల్లవి ఎప్పుడు మొదలైందో, చరణం ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. మగవాళ్ల వైపు నుంచి ఒకరిద్దరు నా భుజం తట్టారు కూడా. ఆడవాళ్ల వరుసలో అమ్మ మొదట నవ్వుతూ కూర్చుంది, కాసేపటికి తల వంచుకుంది. ఇంటికి నడిచి వస్తుంటే అంది:

"మంచిగ వాయించినవ్ బిడ్డా. నేను పాడింది నాకే ఇనపడలే."

తిట్టినా బాగుండేది. మళ్లీ కలుపుదామని గదికి పరుగెత్తాను. కానీ టేపులు తుడిచి వాడుకునే రోజులవి, అమ్మ పాడిన టేపు మీద అప్పటికే ఎవరిదో పెళ్లి పాట ఎక్కింది. ఆ తర్వాత పాడమని ఎవరు అడిగినా అమ్మ తన గొంతు బాగాలేదనేది. ఇంట్లో పాడింది, చేలో పాడింది. మైకు ముందుకు మాత్రం మళ్లీ రాలేదు.

అందుకే పిల్ల పాట వచ్చిన మరునాడే బస్సెక్కి భద్రాచలం వెళ్లాను. పాట కలిపే పని ఇంకొకరికి ఇవ్వు అని నేను నోరు తెరవగానే పిల్ల ఎదురుతిరిగింది.

"అమ్మతోని పాడించిన మొదటి పాట సిటీ స్టూడియోకి ఇచ్చిన చిన్నాయనా. అమ్మ ఊపిరి తీసుకునే సప్పుడు గిట్ట మొత్తం కోసేసిండ్రు. గొంతంత ప్లాస్టిక్ లెక్క చేసిండ్రు. గందుకే ఎవ్వలకియ్య."

పొలంలో వంగి నాటేసే మనిషి పాటలో ఊపిరిని చెత్తలాగా ఊడ్చేసినవాణ్ణి ఏమనాలి? నా కోపం ఇప్పుడు కంపెనీ మీదికీ, ఆ స్టూడియో మీదికీ రెండు దిక్కులకు చీలింది. చివరికి చెప్పాను, కూర్పు నువ్వే చెయ్యి, వదిన పాట నీకు తెలిసినంత వాళ్లకు తెలియదు, కానీ ఆఖరి మెరుగు పని ఇంకొకరి చెవులకు అప్పగించి పక్కనే కూర్చో అని. అయితే ఆ పని నువ్వే చెయ్యి అంది పిల్ల. పైస్థాయి శబ్దాలు నా చెవులకు అందడం మానేసి రెండేళ్లయిందని ఒప్పుకోవలసి వచ్చింది.

పక్క క్వార్టర్ నర్సును పిలిచాం. పాటంతా విని, "డప్పు మస్తుందక్కా. ఇంతకీ పాడేది ఎవరు?" అంది ఆవిడ. పిల్ల ముఖం చిన్నబోయింది. వెంటనే కూర్చుని డప్పు తగ్గించింది, వేణువు తగ్గించింది. మూడోసారికి ఆ నర్సు వదిన పాడిన రెండు వరుసలు తిరిగి పాడి వినిపించింది. తర్వాత పిల్లను ఖమ్మం తీసుకెళ్లాను. మామ దగ్గర నాతోపాటు పనిచేసిన మిత్రుడు ఇప్పటికీ ఈ పనే చేస్తున్నాడు. అతను పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి అడిగి మెరుగు పెట్టాడు, ఒక్క ఊపిరినీ ముట్టుకోలేదు. అది విన్న వదిన, "అవ్, గిది నేనే" అని మళ్లీ వేయమంది.

మామ గది ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆ ఇరుకు గదిలో ఒక్క పాట కోసం ఎంత పోట్లాడుకునేవాళ్లమో తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ పోట్లాట ఎంత భాగ్యమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఎన్ని ఊళ్లలో ఎందరు పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తమ పాట బాగుందో లేదో చెప్పే మనిషి లేక, తమకు తామే తలూపుకుంటున్నారో. వీళ్లను ఇలా వదిలేయడానికి మీకు మనసెలా ఒప్పిందని ఆ కంపెనీని అడుగుదామని ఉత్తరంలోని నంబరుకు ఫోను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఎవరిదో గొంతు తిరిగి తిరిగి అదే చెబుతోంది, మనిషి మాత్రం పలకలేదు.